పట్టభద్రుల ఎమ్మెల్సీ ఫలితం: 28 వేల ఓట్లు చెల్లలేదు, 31 వేలు నడుమనే ఆగిపోయినయి. మనం ఎక్కడ ఓడినం?

హనుమకొండ పాఠకుడు (ప్రశ్న)

2025 మార్చిల కరీంనగర్-మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఫలితం వచ్చిన కాన్నుంచి కడుపు మండుతున్నది. అసెంబ్లీ ఎన్నికలు 2023ల అయిపోయినయి, మళ్ల 2028 దాకా లేవు. ఈ నడుమ చదువుకున్నోళ్లు తమ మాట గట్టిగ చెప్పేటందుకు దొరికిన మోక ఇది. కొలువుల నోటిఫికేషన్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు, యూనివర్సిటీలల్ల ఖాళీగ ఉన్న ప్రొఫెసర్ పోస్టులు, వీటి మీద పడాల్సిన ఓటు చెల్లాచెదురయ్యి బీజేపీ అభ్యర్థి అంజిరెడ్డి గెలుపు దగ్గర తేలింది.

ఇటు మా వరంగల్-ఖమ్మం-నల్గొండ టీచర్ల సీట్ల యూటీఎఫ్ అనే టీచర్ల సంఘం తరఫున ఉన్న సిట్టింగ్ ఎమ్మెల్సీ అలుగుబెల్లి నర్సిరెడ్డి సారు ఓడిపోయిండు. 2021ల ఇదే మా పట్టభద్రుల సీట్ల కోదండరాం సారు మూడో స్థానంల నిలిచిండు. తెలంగాణ ఉద్యమంల జేఏసీని నడిపిన ప్రొఫెసర్‌కే డిగ్రీ చదివినోళ్లు ఓటెయ్యకపోతే, మతం ఊసెత్తకుండ హక్కుల గురించి, చదువుల గురించి మాట్లాడే మనిషి ఇంకెవరి దగ్గరికి పోవాలె?

కోపం పక్కన పెట్టి అడుగుతున్న. మన తీరుగ ఆలోచించేటోళ్లు అసలు పోలింగుకే రాలేదా? కరీంనగర్‌ల 28 వేల మంది డిగ్రీలోళ్ల ఓట్లు చెల్లలేదంటే ఏం జరిగినట్టు? రెండో ప్రాధాన్యత ఓట్లు ఎటు పోయినయి? 2027ల మా సీటు ఖాళీ అయితది, అప్పటికన్న ఏం చెయ్యాలె? జనం మారరు అనే మాట వద్దు, లెక్కలు తెలిసినోళ్లు చెప్పండి.


లెక్కింపు బల్ల

ముందు పోలింగు సంగతి. రాలేదనడం తప్పు. కరీంనగర్ సీటులో ఓటర్లు 3,55,159 మంది, పడిన ఓట్లు 2,52,029. వందకు 71 మంది వచ్చారన్నమాట. గడప దాటి వచ్చిన తర్వాతే నష్టం జరిగింది.

పడిన వాటిలో 28,686 చెల్లలేదు, అంటే వందకు పదకొండుకు పైనే. మిగిలినవి 2,23,343. దీన్ని రెండుతో భాగించి ఒకటి కలిపితే కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్లు, 1,11,672. ఈ ఎన్నికలో ఓటరు తన ఇష్టం వరసగా పేర్ల ఎదురుగా 1, 2, 3 అని రాస్తాడు. మొదటి ప్రాధాన్యతలో, అంటే 1 రాసిన ఓట్లలో, అంజిరెడ్డికి 75,675, కాంగ్రెస్ నరేందర్ రెడ్డికి 70,565, బీఎస్పీ ప్రసన్న హరికృష్ణకు 60,419 వచ్చాయి. కోటాకు ఎవరూ దగ్గర్లో లేరు కాబట్టి అందరికన్నా తక్కువ వచ్చిన వారితో మొదలుపెట్టి ఒక్కొక్కరిని తీసేసి, వాళ్ల కాగితాలు తర్వాతి అంకె ఉన్నవాళ్లకు పంచుతూ వచ్చారు. బరిలో 56 మంది. లెక్క మూడు రోజులు పట్టింది అందుకే.

అసలు చూడాల్సింది ఇక్కడ. మూడో స్థానంలో ఉన్న హరికృష్ణ, ఆయన కింద ఉన్న 53 మంది, అందరి ఓట్లూ కలిపితే 77 వేల పైచిలుకు. ఇవన్నీ పంచిన తర్వాత అంజిరెడ్డికి 98 వేల పైన, నరేందర్ రెడ్డికి 93 వేల పైన తేలాయి. అంటే ఒక్కొక్కరికి దగ్గర దగ్గర 23 వేలు కలిశాయి, ఇద్దరికీ సమానంగా. మిగిలిన 31 వేలు ఎవరికీ పోలేదు. ఆ కాగితాల మీద ఇద్దరిలో ఎవరి పేరు ఎదురుగానూ లెక్కకొచ్చే అంకె లేదు. గెలుపు తేడా ఐదు వేల చిల్లర. ఎటూ పోకుండా ఆగిన ఓట్లు దానికి ఆరింతలు.

2021 వరంగల్ లెక్క ఇంకా కళ్లు తెరిపిస్తుంది. 71 మంది అభ్యర్థులు. చెల్లిన ఓట్లు 3,66,333, కోటా 1,83,167. మొదటి ప్రాధాన్యతలో అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్ అభ్యర్థి పల్లా రాజేశ్వర్ రెడ్డికి 1,10,840, తీన్మార్ మల్లన్నకు 83,290, కోదండరాంకు 70,072. అధికార పార్టీ వద్దనుకుని ఈ ఇద్దరికే వేసిన ఓట్లు కలిపితే లక్షా 53 వేలు దాటుతాయి. కానీ కోదండరాంను కూడా తీసేశాక తేలింది పల్లాకు 1,61,811, మల్లన్నకు 1,49,005. రెండూ కలిపి చెల్లిన ఓట్లలోంచి తీసేయండి, 55 వేల పైన మిగులుతాయి. అవి దారిలో ఆగిన ఓట్లు. మల్లన్న ఓడింది 12,806తో.

కాబట్టి జనం కోదండరాంను తిరస్కరించారనే మాట నేను ఒప్పుకోను. ఆయనకు, ఆయన కింద ఉన్నవాళ్లకు ఓటేసినవాళ్లలో చాలామంది తమ తర్వాతి మాట చెప్పకుండా ఇంటికి పోయారు.


కాజీపేట జంక్షన్

రెండో మాట ఎందుకు చెప్పరో కూడా రాయాలి, ఎందుకంటే ఆ భయం ప్రతి ఎన్నికలో కనబడుతుంది. "రెండు ఇంకొకరికి రాస్తే మనవాడికి దెబ్బ" అని ప్రచారంలో కార్యకర్తలే చెప్తారు. అది ముమ్మాటికీ తప్పు. మీరు 1 రాసిన మనిషి బరిలో ఉన్నంత సేపు మీ 2ను ఎవరూ చూడరు. ఆయనను తీసేసిన తర్వాతే ఆ కాగితం 2 ఎవరికి ఉందో చూసి అక్కడికి పోతుంది. ఆ రెండో మనిషిని అప్పటికే తీసేసి ఉంటే 3కు పోతుంది. మనవాడు ఓడాకే ఆ అంకెకు పని పడుతుంది, కనుక దాని వల్ల మనవాడికి నష్టం వచ్చే దారే లేదు.

రెండో అపోహ, రెండో ప్రాధాన్యత అంటే సగం ఓటు అని. కాదు. ఒకే సీటు ఉన్న ఎన్నికలో కాగితం ఎవరి దగ్గరికి పోయినా పూర్తి ఒక ఓటే.

ఇంకోటి, ఆఖరి ఇద్దరిలో నిలిచేవాళ్ల ఓటర్లు రాసిన 2లు అసలు లెక్కలోకే రావు. ఎవరి 2 పనికొస్తుంది? మూడు, నాలుగు స్థానాల్లో ఉండేవాళ్ల ఓటర్లది. మనం నమ్మే అభ్యర్థులు ఎక్కువగా ఉండే చోటు అదే. అందుకే మిగతా అందరికన్నా మన ఓటర్లకే ఈ సంగతి తెలిసి ఉండాలి. పెద్ద పార్టీల వాళ్లకు తెలియకున్నా వాళ్లకు పోయేది లేదు.

ఎన్ని అంకెలు రాయాలి అంటే, ఎంతమంది అభ్యర్థులుంటే అన్నీ రాయొచ్చు, 1 ఒక్కటి రాసి వదిలేసినా ఓటు చెల్లుతుంది. పనికొచ్చే పద్ధతి ఇది: నచ్చిన వాళ్లందరికీ వరసగా అంకెలు వేసి, ఆ తర్వాత ఆఖరి దాకా నిలుస్తారనుకునే ఇద్దరు ముగ్గురిలో "వీడికన్నా వాడు నయం" అనుకున్న మనిషికి కూడా ఒక అంకె వేయడం. ఐదో ఆరో అంకె అయినా ఫర్వాలేదు. అది లేకనే 31 వేలు, 55 వేలు ఆగిపోయింది.


లెక్కింపు బల్ల

చెల్లని ఓట్ల గురించి. టీచర్ల సీటుతో పోల్చి చూడండి. ఈసారి వరంగల్-ఖమ్మం-నల్గొండ టీచర్లలో 24,135 ఓట్లు పడితే చెల్లనివి 494, వందకు రెండు. అదే పద్ధతి, అలాంటి కాగితమే, అదే రోజు. అక్కడ సంఘాలు బడి బడికీ తిరిగి నమూనా కాగితంతో చూపించాయి. పట్టభద్రులకు చూపించేవాళ్లు లేరు. మన పట్టభద్రుల సీటులో 2021లో చెల్లనివి 21,636, వందకు ఐదున్నర. 2024 మే ఉప ఎన్నికలో 25 వేలు దాటాయి, వందకు ఏడున్నర పైన. పడిన ఓట్లు తగ్గాయి, చెల్లనివి పెరిగాయి.

బల్ల మీద ఓటు ఎందుకు పక్కకు పోతుందో ఒక్కొక్కటి చెప్తాను. అన్నిటికన్నా పెద్ద కారణం 1 లేకపోవడం. టిక్కు కొడతారు, ఇంటూ గుర్తు పెడతారు, "ఒకటి" అని అక్షరాల్లో రాస్తారు. ఏదీ చెల్లదు, అంకె ఉండాలి. రోమన్ అంకె వేసినా, తెలుగు ౧ వేసినా చెల్లుతుంది గానీ 1 రాయడమే క్షేమం, చూసేవాళ్లకు అనుమానం రాదు. ఇంకో పెద్ద పొరపాటు, అభ్యర్థి క్రమ సంఖ్యను ప్రాధాన్యత అంకె అనుకోవడం. "మా సంఖ్య 7" అని నెల రోజులు ప్రచారం చేస్తే ఓటరు ఆ పేరు ఎదురుగా 7 రాసి వస్తాడు. 1 ఎక్కడా లేదు, ఓటు పోయింది. ఈ తప్పు ఓటరుది కాదు, ప్రచారం చేసినవాళ్లది. కరపత్రంలో క్రమ సంఖ్య వేస్తే దాని పక్కనే, అంతకన్నా పెద్దగా "ఎదురుగా 1 రాయండి" అని ఉండాలి.

ఇద్దరికి 1 రాసినా, ఒకే పేరు ఎదురుగా 1తో పాటు ఇంకో అంకె ఉన్నా, అంకె రెండు గడుల నడుమ పడి ఎవరిదో తేలకున్నా చెల్లదు. సంతకం, వేలిముద్ర, పేరు, నినాదం, "మాకు ఉద్యోగాలు ఇవ్వండి" అనే మాట, ఇవన్నీ ఓటరును గుర్తుపట్టే రాతల కింద లెక్క. ఎంత న్యాయమైన కోరిక అయినా కాగితం మీద రాస్తే ఓటు పోతుంది. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి. జేబులోని బాల్ పెన్ను తీస్తే చెల్లదు.

2 దగ్గర తప్పు జరిగితే ఓటు మొత్తం పోదు. ఇద్దరికి 2 రాస్తే 1 వరకు చెల్లుతుంది, తర్వాత ఆగిపోతుంది. 1, 2, 4 రాసి 3 మరిచిపోతే 2 వరకే నడుస్తుంది.

లెక్కింపు హాలులో ఏజెంటుగా కూర్చునేవాళ్లకు ఒక మాట. ముందు కాగితాలు 25 చొప్పున కట్టలు కట్టి, అన్ని కేంద్రాలవీ కలిపేసి, బల్లకు వెయ్యి చొప్పున ఇస్తారు. అనుమానం ఉన్న కాగితం రిటర్నింగ్ అధికారి దగ్గరికి పోతుంది. ఆ ఘడియలోనే అభ్యంతరం చెప్పాలి. మూడు రోజుల లెక్కకు ఒక్క ఏజెంటును పెట్టి, రెండో రాత్రికి అతను నిద్రలో జోగుతుంటే మన అభ్యర్థి తరఫున కాగితం చూసే కన్ను లేనట్టే. బల్లకు ముగ్గురు, ఎనిమిది గంటలకు ఒకరు చొప్పున మారేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి.


హనుమకొండ పాఠకుడు

ఇంత వివరంగ ఎవరూ చెప్పలే సార్, మీకు దండం. కానీ ఒక్క మాట. అంతా అంకెల తప్పే అంటే మనసు ఒప్పుకుంటలేదు. మన మాట జనానికి ఎక్కుతలేదనేది కూడ నిజమే కద? అమెరికాల ఉండే మన పిల్లలు కూడ నడుమ ఎన్నికలల్ల ఉదారవాదులు ఓడినప్పుడల్ల ఇదే బాధ చెప్తరు.


మానేరు

నిజమే తమ్మీ, రెండూ ఉన్నాయి. కానీ అమెరికా రోగం వేరు, మన రోగం వేరు. అక్కడ అధ్యక్షుడి నాలుగేళ్లకు నడుమ, రెండేళ్లకు మధ్యంతరం వస్తుంది. గద్దె మీద ఉన్న పార్టీకి దెబ్బ తగలడం అక్కడ దాదాపు ఆనవాయితీ. 2010లో ఒబామా పార్టీ ప్రతినిధుల సభలో 63 సీట్లు పోగొట్టుకుంది. 2014లో సెనేట్ పోయింది. ఆ ఏడాది ఓటు హక్కున్నవాళ్లలో వందకు 36 మంది దాకానే వచ్చారు, రెండో ప్రపంచ యుద్ధ కాలం తర్వాత అంత తక్కువ ఎన్నడూ లేదు. 2018లో సగం మంది కదిలి వచ్చారు, ప్రతినిధుల సభ తిరిగి చేతికొచ్చింది. అక్కడి ఉదారవాదుల పని ఇంట్లో ఉన్న ఓటరును బయటికి తేవడం.

మన దగ్గర కేంద్రానికి వందకు 71 మంది వస్తున్నారు. అధికార పార్టీ ఓడడం కూడా ఇక్కడ పక్కా కాదు. ఇదే కరీంనగర్ సీటులో 2019లో టీఆర్‌ఎస్ గద్దె మీద ఉండగా కాంగ్రెస్ నుంచి జీవన్ రెడ్డి గెలిచారు, 2021లో మాత్రం హైదరాబాద్ సీటు, వరంగల్ సీటు రెండూ టీఆర్‌ఎస్‌కే పోయాయి. కాబట్టి "సర్కారు మీద కోపం ఉంది, మనమే గెలుస్తం" అని కూర్చుంటే కాదు.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం జాబితాలోనే ఉంది. పట్టభద్రుల ఓటర్ల జాబితా ప్రతి ఎన్నికకూ సున్నా నుంచి కొత్తగా తయారవుతుంది. పోయినసారి ఓటేసినా, చేతిలో మామూలు ఓటరు కార్డు ఉన్నా, మళ్లీ ఫారం 18 (పట్టభద్రుల నమోదు దరఖాస్తు) పెట్టకపోతే పేరుండదు. అంటే ఎవరు ఎక్కువ ఫారాలు నింపిస్తే వాళ్ల ఓటర్లే జాబితాలో ఉంటారు. పోటీ అక్కడ మొదలవుతుంది, పోలింగుకు నాలుగు నెలల ముందు. ప్రైవేటు కాలేజీలు నడిపేవాళ్లు, పెద్ద పార్టీల వాళ్లు ఆ పని జీతాలిచ్చి చేయిస్తారు. పైగా మండలి ఎన్నికలో అభ్యర్థి ఖర్చుకు పరిమితి లేదు. మనవాళ్లు నామినేషన్ రోజున మేల్కొని మేనిఫెస్టో రాస్తారు. ఎంత మంచి మాటైనా జాబితాలో లేని మనిషికి చెప్తే ఓటు పడదు. ఈ మాట గట్టిగా అంటున్నానని బాధపడొద్దు, పదేపదే ఇదే జరుగుతున్నది.


పద్మాక్షి గుట్ట

2027 కోసం నమోదు సంగతి నేను చెప్తా. వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల సీటు గడువు 2027 మార్చిలో ముగుస్తుంది. కాబట్టి అర్హత తేదీ 2026 నవంబర్ 1 అవుతుంది. పోయినసారి కరీంనగర్ సీటుకు 2024 సెప్టెంబర్ 30న ప్రకటన వచ్చింది, నవంబర్ 6 దాకా ఫారం 18 తీసుకున్నారు, నవంబర్ 23న ముసాయిదా, డిసెంబర్ 9 వరకు అభ్యంతరాలు, డిసెంబర్ 30న తుది జాబితా. మనకూ ఇంచుమించు ఇదే వరస ఉంటుంది. అంటే అసలు పని 37 రోజుల్లో జరగాలి, అందులో దసరా పడుతుంది. ఆగస్టులోనే పేర్లు, పట్టాలు చేతిలో ఉండాలి.

అర్హత: అర్హత తేదీకి కనీసం మూడేళ్ల ముందు డిగ్రీ పూర్తయి ఉండాలి, అంటే 2023 నవంబర్ 1 లోపు. మూడేళ్లు లెక్కపెట్టేది యూనివర్సిటీ ఫలితాలు ప్రకటించిన తేదీ నుంచి. కాన్వొకేషన్ తేదీ చూసి "నాకు రాదు" అని మానుకునేవాళ్లు చాలామంది, మెమో మీద తేదీ చూపించి ఒప్పించాలి.

నివాసం: పాత జిల్లాల హద్దులే లెక్క. ఎల్కతుర్తి, భీమదేవరపల్లి, కమలాపూర్ ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్నా పాత కరీంనగర్ జిల్లావి, అక్కడివాళ్లు కరీంనగర్ సీటు కిందికి వస్తారు. హనుమకొండ కలెక్టరేట్ దగ్గరే కదా అని వరంగల్ సీటుకు ఫారం పెడితే తిరిగొస్తుంది.

కాగితాలు: డిగ్రీ పట్టా నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం, ఫొటో, చిరునామా రుజువు, ఓటరు కార్డు నంబరు. ఎక్కువ ఫారాలు ఆగేది పేరు దగ్గర. పట్టా మీద పదో తరగతి పేరు, ఇంటిపేరు పొడి అక్షరం ఉంటుంది, ఆధార్ మీద పూర్తి ఇంటిపేరు ఉంటుంది. ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా కష్టం, పట్టా పుట్టింటి ఇంటిపేరుతో, ఆధార్ అత్తగారింటి ఇంటిపేరుతో, చిరునామా ఇంకో మండలంలో. ఫారంలో పట్టా మీదున్న పేరు రాసి, పెళ్లి సర్టిఫికెట్ గానీ తండ్రి పేరున్న పదో తరగతి మెమో గానీ జత చేస్తే విచారణకు వచ్చినవాళ్లకు చూపించడానికి ఉంటుంది. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి ఏ పార్టీ పోవడం లేదు. వీధి వీధికీ తిరిగితే దొరికే కొత్త ఓటు అదే, నా నమ్మకం.

ఒక హెచ్చరిక. ఫారాలు గంపగుత్తగా తెచ్చిస్తే తీసుకోరు. సంస్థ అధిపతి తన సిబ్బందివి కలిపి పంపొచ్చు, ఒకే ఇంట్లో ఉండేవాళ్లవి ఆ ఇంటి మనిషి ఇవ్వొచ్చు. మిగతా అందరూ ఎవరిది వాళ్లే ఇవ్వాలి, లేదా ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఒక్క మనిషి రెండు వందల ఫారాల కట్టతో తహసీల్దార్ ఆఫీసుకు పోతే ఆ రెండు వందలూ పోయినట్టే. ఒక ల్యాప్‌టాప్, ఒక స్కానర్ పెట్టుకుని గ్రంథాలయం దగ్గర కూర్చుని ఎవరి ఫోన్‌కు వచ్చే ఓటీపీ వాళ్లతోనే కొట్టించాలి. రసీదు నంబరు రాసి పెట్టుకోవాలి. నవంబర్ ఆఖరులో ముసాయిదా రాగానే ఆ నంబర్లన్నీ సరిచూడాలి, పేరు లేకుంటే అభ్యంతరాల గడువు లోపలే అడగాలి.


హనుమకొండ పాఠకుడు

అక్కా, ఈ వరస పట్టుకుని ఆగస్టు నుంచే మొదలుపెడదాం. ఆఖరి ప్రశ్న. ఓటెయ్యడం నేర్పేటందుకు నమూనా కాగితం ఎట్ల తయారు చెయ్యాలె? అసలు దాని తీరుగనే అచ్చు వేస్తే చిక్కు వస్తదేమో.


పద్మాక్షి గుట్ట

అసలు దాని రంగులో, అదే కొలతలో వెయ్యొద్దు, నిజమైన అభ్యర్థుల పేర్లు పెట్టొద్దు. చెట్ల పేర్లు పెట్టండి: వేప, చింత, మోదుగ, తంగేడు, మర్రి, ఇప్ప, అలా ఇరవై దాకా. గులాబీ, ఆకుపచ్చ, కాషాయం, పసుపు వాడితే పార్టీ గుర్తొస్తుంది, ఏ-3 సైజు బూడిదరంగు కాగితం చాలు. పైన పార్టీ గుర్తులు వెయ్యొద్దు, పట్టభద్రుల కాగితంలో గుర్తులు ఉండవు, ఫొటో, పేరు చూసి వెతుక్కోవడం అలవాటు కావాలి.

ఇరవై మందిని కూర్చోబెట్టి ఊదా స్కెచ్ పెన్నులు ఇవ్వండి, ఏమీ చెప్పకుండా ముందు ఒకసారి వేయించండి. ఆ కాగితాలు వాళ్ల ముందే విప్పి చెల్లనివి పక్కకు తీయండి. తర్వాత వాళ్లతోనే లెక్క నడిపించండి: కోటా కట్టడం, అందరికన్నా తక్కువ వచ్చిన చెట్టును తీసేయడం, దాని కాగితాలు 2 చూసి పంచడం. 2 లేని కాగితం వచ్చినప్పుడు దాన్ని గది నడుమ బల్ల మీద విడిగా పెట్టండి. గంటలో ఆ బల్ల మీద ఎన్ని చేరాయో అందరూ చూస్తారు. అప్పుడు రెండోసారి కాగితాలు ఇవ్వండి.